డాక్టర్ సాదియాకు ఇంగ్లిషు వచ్చిన విధం

కోరుట్ల వాస్తవ్యురాలు డాక్టర్ సాదియాకు ఇంగ్లిషు రాదని ఒక దూరదేశపు ప్రభుత్వం అధికారికంగా నిర్ధారించింది. ఈ సంగతిని ఆమెకు ఇంగ్లిషులోనే తెలియజేసింది. ఆమె ఒక్కసారి చదివి పూర్తిగా అర్థం చేసుకుంది. అయినా ప్రభుత్వం తన నిర్ణయం మార్చుకోలేదు.

ఆ దేశం పేరు ఇక్కడ రాయడం లేదు. రాస్తే అక్కడి వీసా కోసం ఎదురుచూస్తున్న పాఠకులు నొచ్చుకుంటారు. మనుషుల కంటే గొర్రెలు ఎక్కువగా ఉండే ఒక చిన్న పట్టణంలో, ఆ దేశంలో పుట్టిన డాక్టర్లు పోనే పోమని భీష్మించిన ఆసుపత్రిలో సాదియా ఏడేళ్లుగా పనిచేస్తోంది. అక్కడివాళ్ల దగ్గులు విన్నది ఇంగ్లిషులోనే. కాన్పులు చేసింది ఇంగ్లిషులోనే. మనిషి దక్కలేదని ఇంటివాళ్ల చెయ్యి పట్టుకుని చెప్పింది కూడా ఇంగ్లిషులోనే. ఆమె సంతకం చేసిన మరణ ధ్రువపత్రాలను ప్రభుత్వం ఒక్కసారి కూడా తిప్పిపంపలేదు. వ్యాకరణం బాగాలేదని చనిపోయినవాళ్లెవరూ లేచి కూర్చోలేదు.

అయితే అదంతా తాత్కాలిక వీసా మీద జరిగింది. తాత్కాలికంగా ఉండేవాళ్ల చేత సూదులు వేయించుకోవడానికి ఏ ఇంగ్లిషైనా సరిపోతుంది. వాళ్లు శాశ్వతంగా పక్కింట్లో ఉంటామంటేనే చిక్కు. అప్పుడు పరీక్ష కావాలి. సాదియా ఆ దేశంలో కాలు పెట్టకముందే ఒకసారి ఆ పరీక్ష రాసి నెగ్గింది. కానీ ఆ ఫలితానికి గడువు తేదీ ఉంటుందట, అది ఎన్నడో దాటిపోయింది. పాలప్యాకెట్టులాగే ఇంగ్లిషు కూడా కొన్నాళ్లకు విరిగిపోతుందనీ, పొద్దస్తమానం ఇంగ్లిషు మాట్లాడేచోట నిలవ ఉంచితే మరీ తొందరగా విరుగుతుందనీ అక్కడి పెద్దలు కనుగొన్నారు.

ఆమె మళ్లీ రాసింది. మాట్లాడే భాగంలో అర మార్కు తగ్గింది. మీకు ఇష్టమైన కాలం ఏదో వర్ణించండి అని అడిగితే, రోగులతో మాట్లాడే అలవాటు కొద్దీ, "వానాకాలం. చల్లగా ఉంటుంది. మా ఊళ్లో ఎండలు ఎక్కువ" అని చెప్పి ఊరుకుంది. వాక్యాలు మరీ పొట్టిగా ఉన్నాయనీ, మాటలు మరీ తేలికగా ఉన్నాయనీ పరీక్షాధికారులు తేల్చారు. సూటిగా చెప్పాలంటే, ఆమె మాట్లాడితే ఎవరికైనా అర్థమైపోతోందన్నది ఆమె మీద మోపిన అభియోగం.

మా డాక్టరమ్మకు మా భాష బాగానే వచ్చునని ఆ పట్టణవాసులు సంతకాలు చేసి అర్జీ పంపారు. అందులో అక్షర దోషాలు బోలెడు ఉన్నాయి. సంతకాలు చేసినవాళ్లు అక్కడే పుట్టినవాళ్లు కనుక ప్రభుత్వం వాళ్లను ఏమీ అనలేదు. అర్జీని మాత్రం పక్కన పెట్టింది.

ఏడాది చివరికి తాత్కాలిక వీసా ముగుస్తుంది. సాదియా భర్త ఆదిల్ సిరిసిల్లలో మరమగ్గం నడిపిన కార్మికుడి కొడుకు. ఆ గొర్రెల పట్టణంలోనే ఎలక్ట్రీషియన్ పని చేస్తాడు. కూతురు అక్కడే పుట్టి అక్కడే బడికి పోతోంది. పరీక్ష నెగ్గకపోతే ముగ్గురూ సామాను సర్దుకోవాలి. ఆ పట్టణానికి మాత్రం మళ్లీ గొర్రెల డాక్టరే దిక్కు.

ఆ దేశంలో పరీక్షా కేంద్రాలు తక్కువ, తేదీలు దొరకడం ఇంకా తక్కువ. ఇంగ్లిషు నేర్పేవాళ్లయితే అసలే లేరు. అక్కడివాళ్లు దాన్ని ఊరికే మాట్లాడేస్తారు తప్ప పాఠంగా చెప్పడం తెలియదు. అందుకని ఆదిల్ ఒక సలహా చెప్పాడు.

"హైదరాబాదుల ఎప్పుడంటె అప్పుడు తారీకు దొర్కుతది. జగిత్యాలల మస్తు కోచింగులున్నయి. పోయి ఇంగ్లిషు నేర్చుకొని రా."

ఈ విధంగా డాక్టర్ సాదియా ఇంగ్లిషు నేర్చుకోవడం కోసం ఇంగ్లిషు దేశంలో విమానమెక్కి జగిత్యాలకు వచ్చింది. ఇందులో వింతపడవలసింది ఏమీ లేదు. మంచి పసుపు కావాలంటే మెట్‌పల్లికి రావాలి, మార్కులొచ్చే ఇంగ్లిషు కావాలంటే జగిత్యాలకు రావాలి.

కోరుట్లలో పుట్టింట్లో దిగింది. తండ్రి జానీమియా దర్జీ, తల్లి అజీజున్నీసా బీడీలు చుట్టి బిడ్డను చదివించిన మనిషి. తల్లీకూతుళ్ల మధ్య జరిగిన సంభాషణ ఉర్దూలో సాగింది. పాఠకుల సౌకర్యార్థం తెలుగులో ఇస్తున్నాం.

"ఇంగ్లిషు రాకుంటె గన్నేండ్లు ఆళ్ల రోగాలు ఎట్ల తెల్సుకున్నవే?"

"వాళ్లు చెప్పిండ్రు అమ్మీ. నేను విన్న."

"మరి సర్కారుకు గాళ్లు చెప్పలేదా?"

"చెప్పిండ్రు. సర్కారు వినలే."

"అయితే ఇంగ్లిషు రానిది సర్కారుకే" అని అజీజున్నీసా లేచి వెళ్లి అన్నం పెట్టింది.

వాడకట్టులో మాత్రం సంగతి వేరే విధంగా పాకింది. జానీమియా బిడ్డకు ఇంగ్లిషు రాదట, ఇన్నాళ్లూ సైగలతోటే సూదులిచ్చిందట, మొన్ననే దొరికిపోయిందట. జానీమియా దుకాణంలో జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చిన ఆడవాళ్లు కొలతలు ఇస్తూనే ఓదార్చి వెళ్లారు. ఆయన తలెత్తకుండా మిషన్ తొక్కాడు. ఆ వారంలో కుట్టిన చేతులన్నీ పొట్టివయ్యాయని వినికిడి.

జగిత్యాల టవర్ సర్కిల్ దగ్గర, విత్తనాల దుకాణం పై అంతస్తులో, కరుణాకర్ సార్ ఇంగ్లిష్ అకాడమీ ఉంది. కరుణాకర్ గురించి రెండు మాటలు చెప్పాలి. ఆయన ఆ పరీక్షను ఏటా రాస్తాడు, ఏటా పూర్తి మార్కులు తెచ్చుకుంటాడు. కానీ ఏ దేశమూ ఆయనకు వీసా ఇవ్వలేదు. ఎందుకంటే ఆయనకు ఇంగ్లిషు పరీక్ష రాయడం తప్ప వేరే పని రాదు. సాదియాకు పని వచ్చును, మార్కులు లేవు. కరుణాకర్‌కు మార్కులున్నాయి, పని రాదు. ఇద్దరినీ కలిపి కుట్టగలిగితే ఆ దేశానికి ఒక సంపూర్ణ పౌరుడు దక్కేవాడు.

మొదటి రోజే ఆయన సాదియా లోపాన్ని పట్టేశాడు.

"మేడం, మీతోని కష్టమేందంటె, మీరు నిజం చెప్తున్నరు. నిజం చిన్నగుంటది. ఒక్క ముక్కల అయిపోతది. పరీక్షల రెండు నిమిషాలు మాట్లాడాలె. గంతసేపు సాగాలంటె అబద్ధమే కావాలె."

"డాక్టరు అబద్ధం చెప్పొద్దు గద సార్?"

"డాక్టరు చెప్పొద్దు. అభ్యర్థి చెప్పాలె."

ఆ తరగతిలో గల్ఫ్ మానేసి చల్లటి దేశాలకు పోదామనుకునే కుర్రాళ్లు, నర్సులు ఉన్నారు. వాళ్లందరి మధ్య సాదియా వెనక బల్ల మీద కూర్చుని శ్రద్ధగా నేర్చుకుంది. "వాన" అనకూడదు, "ఎడతెరిపి లేని వర్షపాతం" అనే అర్థం వచ్చే మాట వాడాలి. "చాలా" అనకూడదు. "అందువల్ల", "అయినప్పటికీ", "ఇంతేకాక" అనే మాటలు లేకుండా ఊపిరి తీసుకోకూడదు. అన్నిటికంటే ముఖ్యం సానుభూతి. దానికి విడిగా మార్కులున్నాయి. నొప్పి అని రోగి అన్న వెంటనే, ఎక్కడ అని అడిగితే తప్పు. ఆ మాట విని నేను ఎంతో చింతిస్తున్నాను అని ముందు చెప్పాలి. మనసులో ఎంత చింత ఉన్నా పైకి చెప్పనిదే మార్కు పడదు. ఏమీ చింత లేకపోయినా చెబితే పడుతుంది. తరగతి గదిలో తెలుగు మాట్లాడటం పూర్తిగా నిషిద్ధం.

ఒక మధ్యాహ్నం కరుణాకర్ సార్ రోగి వేషం వేశాడు. సాదియా డాక్టరు. నిజజీవితంలోనూ ఆమె డాక్టరే కనుక తరగతి అంతా ఆసక్తిగా చూస్తోంది. ఆయన ఛాతీ మీద చెయ్యి వేసుకుని, తాను గణనీయమైన అసౌకర్యాన్ని అనుభవిస్తున్నట్టు అద్భుతమైన ఇంగ్లిషులో తెలిపాడు. సాదియా తాను చింతిస్తున్నట్టు తెలిపింది. ఆయన తల ఊపి, ఆ అసౌకర్యం ఎడమ భుజం వైపు ప్రసరిస్తోందని మరింత మంచి ఇంగ్లిషులో చెప్పాడు. పిల్లలు ఆ మాట రాసుకున్నారు. ఆయన కుర్చీలోకి జారాడు. ఏం నటన అని ఒకరు చప్పట్లు కొట్టారు.

సాదియా ఆయన నుదురు చూసింది. నుదుటి మీద చెమట బొట్లు కట్టి కారుతోంది. నటించేవాడికి ముఖం మారుతుంది గానీ రంగు మారదు. ఆమె లేచి ఆయన మణికట్టు పట్టుకుంది.

"సార్, నిజంగనే నొస్తాందా?"

కరుణాకర్ తెలుగు నిషిద్ధమన్నట్టు వేలు అడ్డంగా ఊపాడు. నియమం పెట్టినవాడే తప్పితే ఎలా? ఇంగ్లిషులో ఇంకో వాక్యం మొదలుపెట్టాడు. ఆ వాక్యంలో కర్త వచ్చింది, విశేషణం వచ్చింది, క్రియ రాలేదు. అప్పుడు ఆయన నోటి నుంచి తల్లి నేర్పిన భాష దానంతట అదే వచ్చింది.

"మేడం… సచ్చిపోతున్న… బండ వెట్టినట్టుంది."

"చెయ్యి గుంజుతాందా?"

"గుంజుతాంది."

"మాట్లాడకుండ్రి. కదలకుండ్రి. వినోద్, మందుల దుకాణంకు ఉరుకు, ఆస్పిరిన్ తే. శ్రావణి, ఆటో ఆపు."

వినోద్ అనే కుర్రాడు గుమ్మంలో ఆగాడు. "గ్యాస్ అయి ఉంటది మేడం, సోడా తేవాల్నా?"

"ఉరుకు!"

ఆ అరుపుకు కింద విత్తనాల దుకాణంలో బేరం ఆగిపోయింది. మాత్ర వచ్చింది. ఆమె దాన్ని ఆయన నోట్లో వేసి నమలమంది. నలుగురు కుర్రాళ్ల చేత కుర్చీతో సహా మెట్లు దింపించింది. ఆటోలో ఆయన తలను తన భుజానికి ఆనించుకుని దారి పొడవునా నాడి వదల్లేదు. ఆటో డ్రైవర్‌ను రెండుసార్లు తిట్టింది, ఒకసారి ఉర్దూలో, ఒకసారి తెలుగులో. రెండూ అతనికి బాగా అర్థమయ్యాయి.

ఆసుపత్రిలో ఒక యువ డాక్టరు ఈసీజీ చూసి వెంటనే గడ్డ కరిగే సూది వేశాడు. పనిమంతుడే. తర్వాత బయటికి వచ్చి, కొంగు నోట్లో కుక్కుకుని నిలబడ్డ కరుణాకర్ భార్య పుష్పకు పరిస్థితిని వివరించాడు. ఇన్‌ఫార్‌క్షన్ అన్నాడు, థ్రాంబొలైజ్ అన్నాడు, ప్రోగ్నోసిస్ గార్డెడ్ అన్నాడు. పుష్ప అన్నిటికీ తల ఊపి, ఆ డాక్టరు లోపలికి వెళ్లగానే సాదియా రెండు చేతులూ పట్టుకుంది.

"ఏమన్నడమ్మా? ఉన్నడా, పోయిండా?"

"ఉన్నడక్కా. గుండెకు పోయే నరంల నెత్తురు గడ్డకట్టింది. అది కరగనీకె సూది ఇచ్చిండ్రు. రెండు రోజులు బాగ సూసుకోవాలె. మనిషి దక్కుతడు."

పుష్ప అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది. సాదియా పక్కన కూర్చుంది. చింతిస్తున్నానని చెప్పడం మరిచిపోయింది.

ఆ యువ డాక్టరుకు తెలుగు వచ్చో రాదో ఏ ప్రభుత్వమూ పరీక్ష పెట్టలేదు. నిజానికి ఆయనది ధర్మపురి పక్క ఊరు. ఇంట్లో వాళ్ల అమ్మతో తెలుగులో తప్ప మాట్లాడడు. కానీ రోగి బంధువులతో తెలుగులో మాట్లాడితే వాళ్లు తిరిగి ప్రశ్నలు అడిగే ప్రమాదం ఉంది. పైదేశాల చాదస్తాలు మనకు లేవు. మన దగ్గర డాక్టరు మాట రోగికి తెలియాలని చట్టం లేదు, డాక్టరుకు తెలిస్తే చాలు.

కరుణాకర్ బతికాడు. సాదియా చూడటానికి వెళ్లినప్పుడు మంచం మీద దిండుకు ఆనుకుని ఉన్నాడు. ఆమెను చూడగానే కళ్లనిండా నీళ్లు పెట్టుకుని రెండు చేతులూ జోడించాడు.

"మేడం, మీ రుణం ఈ జన్మల తీరది."

"గట్లనకుండ్రి సార్. రెస్టు తీసుకోండ్రి."

"తీసుకుంట. కానీ ఒక్క మాట. మీరేం అనుకోవద్దు." ఆయన కళ్లు తుడుచుకున్నాడు. "గా రోజు మీరు మాట్లాడింది యాది జేసుకుంటున్న. 'చెయ్యి గుంజుతాందా. కదలకుండ్రి. ఉరుకు.' అన్ని రెండు మాటల వాక్యాలే. ఒక్క 'అందువల్ల' లేదు. సానుభూతి అసలే లేదు. పానం కాపాడిండ్రు, మంచిదే. గిదే పరీక్షల జేస్తె మాత్రం తొమ్మిదికి ఆరు దాటదు."

సాదియా ఆయన బీపీ చూసి, మందులు వేళకు వేసుకోమని పొట్టి వాక్యంలో చెప్పి వచ్చేసింది. బస్సులో కోరుట్ల దాకా కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఆయన చెప్పింది నిజమని ఆమెకు తెలుసు. అదే ఆమెను కోసింది.

హైదరాబాదులో పరీక్ష. ఎదురుగా కూర్చున్న అధికారి ఒక చీటీ ఇచ్చాడు: మీరు ఎవరికైనా సహాయం చేసిన సందర్భాన్ని వర్ణించండి. ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటే మూడు వాక్యాలు. మా గురువుకు గుండెపోటు వచ్చింది. నేను మందిచ్చి ఆసుపత్రికి తీసుకుపోయాను. ఆయన బతికాడు. ఆపైన చెప్పడానికి ఏముంది?

కూతురి బడి గుర్తొచ్చింది. తనకోసం వరండాలో బల్ల మీద కూర్చునే ముసలి రోగులు గుర్తొచ్చారు. ఆమె గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. ఎన్నడూ ఎక్కని ఒక మంచుకొండ మీద, ఎన్నడూ లేని ఒక స్నేహితురాలి గొడుగు, ఎడతెరిపి లేని ఈదురుగాలికి ఎగిరిపోవడం, అయినప్పటికీ తాను ధైర్యం కోల్పోకపోవడం, అందువల్ల దాన్ని పట్టుకోగలగడం, ఇంతేకాక ఆ గొడుగు ఆ స్నేహితురాలి నాయనమ్మ జ్ఞాపకం కావడం. రెండు నిమిషాలు ఇట్టే గడిచాయి. అధికారి కళ్లు చెమర్చాయి.

బయటికి వచ్చాక ఆదిల్ ఫోన్ చేశాడు. "ఎట్లయింది?"

"మంచిగనే అయింది. మస్తు అబద్ధాలు చెప్పిన" అంది. తర్వాత కుళాయి దగ్గర నోరు పుక్కిలించుకుంది.

పూర్తి మార్కులు వచ్చాయి. మనిషిని కాపాడితే ఆరు, గొడుగును కాపాడితే తొమ్మిది. దరఖాస్తులో తక్కినవన్నీ ముందే సరిగా ఉన్నాయి కనుక శాశ్వత నివాసం మంజూరైంది. సాదియాకు ఇంగ్లిషు వచ్చునని అదే ప్రభుత్వం అంతే అధికారికంగా ప్రకటించింది.

వెంటనే మూడు పట్టణాల్లో ఫ్లెక్సీలు లేచాయి. కోరుట్లలో "మా బిడ్డ", సిరిసిల్లలో "మా కోడలు", జగిత్యాలలో "మా విద్యార్థిని". జగిత్యాల ఫ్లెక్సీలో కరుణాకర్ సార్ ఫోటో సాదియా ఫోటో కంటే కొంచెం పెద్దది. గుండెపోటు ప్రస్తావన లేదు. అకాడమీలో రోగాలొస్తాయనుకుంటే కొత్తవాళ్లు చేరరు.

కోరుట్ల ఫంక్షన్ హాల్లో సన్మానం జరిగింది. ముఖ్య అతిథిగా విచ్చేసిన ఒక మాజీ ప్రజాప్రతినిధి మైకు పట్టుకున్నారు.

"డాక్టర్లు మన దగ్గర మస్తుమంది ఉన్నరు. రోగాలు నయం జేసుడు ఎవలైన జేస్తరు. అది పెద్ద ముచ్చట గాదు. కానీ ఇంగ్లిషుల తొమ్మిదికి తొమ్మిది! తెల్లోళ్లకే రాని ఇంగ్లిషు మన జానీమియా బిడ్డకు అచ్చింది! అన్నేండ్లు ఆ దేశంల ఉంటె రాని ఇంగ్లిషు, జగిత్యాలల నెల రోజులుంటె అచ్చింది! గిది మన మట్టి గొప్పతనం! నేనిప్పుడు ప్రకటన జేస్తున్న. మన ఆసుపత్రుల బోర్డులన్ని తెలుగు తీసేసి ఇంగ్లిషుల రాయించేదాక నేను నిద్రపోను!"

చప్పట్లు ఆగలేదు. శాలువా కప్పారు. జానీమియా ముందు వరుసలో కూర్చుని మొదటిసారి తలెత్తాడు. అజీజున్నీసా మాత్రం బిడ్డ ముఖం చూసి, "పిల్లకు నిద్ర సాల్లే" అంది.

సభ ముగిశాక జనం సాదియా చుట్టూ మూగారు. అందరూ కోచింగ్ గురించే అడుగుతున్నారు. వాళ్లను తోసుకుంటూ సాయవ్వ వచ్చింది. ఒకప్పుడు అజీజున్నీసా పక్కన కూర్చుని బీడీలు చుట్టిన మనిషి, సాదియాను ఎత్తుకు తిప్పిన మనిషి. పక్క కుర్చీలో కూలబడి చీర కుచ్చెళ్లు కొద్దిగా ఎత్తి పాదాలు చూపించింది. వాచి ఉన్నాయి. సాదియా వంగి బొటనవేలితో నొక్కింది. నొక్కినచోట గుంట పడి అలాగే ఉండిపోయింది.

"బీపీ గోలీలు ఏసుకుంటున్నవా అవ్వా?"

"యాదికున్ననాడు ఏసుకుంట."

"రోజూ ఏసుకోవాలె. ఉప్పు తక్వ తిను. తొక్కు ముట్టకు. రేపు పొద్దుగాల ఇంటికి రా, నెత్తురు పరీక్షకు పంపుత. అశ్రద్ధ జేస్తె కిడ్నీలు ఖరాబైతయి."

సాయవ్వ ముఖం చిన్నబోయింది.

"గిది మా కోడలు గూడ చెప్తది. మొన్న మెట్‌పల్లిల ఒక పెద్ద డాక్టరుకు సూపెట్టుకున్న. గాయిన జెప్పింది ఒక్క ముక్క సమజ్ గాలే. గంత పెద్ద డాక్టరు! నువ్వు గింత సదివి అచ్చి మా లెక్కనే మాట్లాడుతున్నవేంది బిడ్డా? ఇంగ్లిషుల జెప్పు."

"ఇంగ్లిషుల జెప్తె నీకేం తెలుస్తది అవ్వా?"

"నాకెందుకు తెలవాలె? నీకు తెలిస్తె సాలదా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఒక్కసారి చెప్పండి మేడం, ముసలామె ముచ్చట తీర్చండి అన్నారు. కరుణాకర్ సార్ జనం మధ్యలోంచి దూరి మైకు తెచ్చి ఆమె నోటి ముందు పెట్టాడు. సాదియా ఆ ముఖాలన్నీ చూసింది. సాయవ్వ చెయ్యి పట్టుకుని, గోలీలు రోజూ వేసుకోమనీ, ఉప్పు తగ్గించమనీ, తొక్కు పచ్చడి మానమనీ, రేపు తప్పక రమ్మనీ ఇంగ్లిషులో మెల్లగా చెప్పింది. హాలు చప్పట్లతో మారుమోగింది.

సాయవ్వ కళ్లు మెరిశాయి. రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

"గిదీ, గిప్పుడు డాక్టరువనిపించినవ్!"

ఆ తృప్తితో లేచి కుంటుకుంటూ విందు జరిగేవైపు నడిచింది. సాదియా వెంట వెళ్లబోయింది గానీ, ముఖ్య అతిథితో ఫోటో ఉందనీ కదలొద్దనీ నిర్వాహకులు శాలువా పట్టుకుని ఆపారు. ఫోటోగ్రాఫర్ నవ్వమన్నాడు. అవతల సాయవ్వ విస్తరి ముందు కూర్చుని, వడ్డించే అతన్ని వెనక్కి పిలిచి, మామిడికాయ తొక్కు ఇంకో గంటె వేయించుకుంది.